‘మనవాళ్ళేనా?’ అని అడిగే ముందు

అన్నలూ, అక్కలూ, అందరికీ నమస్కారం. కండువాలు తీసెయ్యమని నేనడగను, ఎవరిది వాళ్ళు వేసుకునే కూర్చోండి. పచ్చ, నీలం, ఎరుపు, కాషాయం, విజయవాడలో ఇన్ని రంగులు ఒకే షామియానా కింద గొడవ పడకుండా కూర్చోవడమే పెద్ద వార్త.

ఏప్రిల్ 14న మనందరం అంబేడ్కర్‌కు దండ వేస్తాం, ఎవరి దండ పెద్దదో కూడా ఓరకంట చూసుకుంటాం. ఆ సాయంత్రమే ఎవరైనా అద్దెకు ఇల్లడిగితే మాత్రం మొదటి మాట, ‘మనవాళ్ళేనా?’ అడ్వాన్సు సంగతి ఆ తర్వాతే. ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఏ పార్టీకీ భిన్నాభిప్రాయం లేదు, ఎంత ఐకమత్యమో!

1917 నవంబరులో ఇదే బెజవాడలో పంచముల మహాసభ జరిగింది, అంటరానివాళ్ళని దూరం పెట్టిన కులాలకు అప్పటి పేరది. మమ్మల్ని పంచములనొద్దు, మేం ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకున్నది ఆ సభలోనే. అధ్యక్షత వహించింది హైదరాబాదు నుంచి వచ్చిన దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ, పూనుకుని పిలిపించింది అగ్రవర్ణంలో పుట్టిన గూడూరు రామచంద్రరావు. వచ్చినవాళ్ళు ఎక్కడ కొండెక్కుతారోనని దుర్గమ్మ గుడి తలుపులే మూసేశారట. వందేళ్ళు దాటాయి, గుడి తెరుచుకుంది, మన పై పోర్షన్ తలుపు దగ్గరే ఆగిపోయాం.

మన పార్టీలకు కలవడం చేతకాక కాదు. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది సరేనన్నారు, కాదన్నది ఇద్దరే. అయితే అన్నీ చట్టంతో అయ్యేవి కావు. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని నిషేధించింది, నిజమే, కానీ ‘ఇల్లు ఇవ్వడం లేదండీ, మా అబ్బాయి వస్తున్నాడు’ అనే అబద్ధం మీద ఎవరు కేసు రాస్తారు?

అందుకే మీరెవరూ పార్టీ మారక్కర్లేదు. మీ డివిజన్‌లో మీ పార్టీవాడే ఆ ప్రశ్న వేస్తుంటే, అవతలి పార్టీవాడు నోరు తెరిచేలోగా మీరే అడ్డం పడండి. అవతలివాడంటే రాజకీయం అని కొట్టిపారేస్తారు, మీరంటే సిగ్గుపడతారు.

మా పోర్షన్ ఖాళీ అయి పది రోజులైంది. టు-లెట్ బోర్డు కట్టాను, అడ్వాన్సు, మోటారు కరెంటు బిల్లు తప్ప ఇంకేం అడగనని ఇంట్లో చెప్పాను. మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఎనభై ఏళ్ళ మనిషి, గట్టిగా అనలేను, అలాగని బోర్డూ మార్చలేను. నిన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. నేనడక్కుండానే ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు గబగబా చెప్పబోయాడు, పాపం ఎన్ని గుమ్మాలెక్కి అలవాటైందో. అవన్నీ వద్దులే బాబూ, ఆదివారం వచ్చి ముందు ఇల్లు చూసుకో అన్నాను.