బిడ్డ చెప్పినప్పుడు మనం ఏం చేస్తున్నాం?

వ్యాఖ్యాత: నమస్కారం. హన్మకొండ స్టూడియో నుంచి ఈ రోజు బడిలో, ఫోన్‌లో పిల్లల భద్రత గురించి మాట్లాడుకుందాం. జిల్లా పరిషత్ హైస్కూల్ హెచ్ఎం మేడం, పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కేసులు, అంటే పోక్సో కేసులు వాదించే లాయర్ సార్, పరకాల నుంచి ఒక తల్లి మనతో ఉన్నారు. ఏ బిడ్డ గుర్తింపూ బయటపడకూడదు కాబట్టి ఎవరి పేర్లూ వాడట్లేదు. అమ్మా, ముందు మీరు చెప్పండి.

తల్లి: మా బిడ్డ ఎనిమిదో తరగతి సార్. కరోనా అప్పుడు ఆన్‌లైన్ క్లాసులని పెద్దోడికి కొన్న ఫోన్ ఇప్పుడు దాని చేతిలో ఉంది. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులోనే వస్తది, తీసుకుందామంటే చదువు ఆగుతది, ఇస్తే ఎవరితో మాట్లాడుతుందో తెలవదు. మేమిద్దరం పొద్దున పనికి పోతే మాపటికే ఇంటికి వచ్చేది. ఇదే టెన్షన్.

హెచ్ఎం: ఆ టెన్షన్ నిజమే అమ్మా. కానీ ఒక్కటి ఆలోచించండి, ఎవడో ఫొటో అడుగుతున్నాడని బిడ్డ చెప్తే మన ఇళ్లలో మొదట ఏం జరుగుతుంది? దెబ్బ పడుతుంది, ఫోన్ గుంజుకుంటారు, కొన్ని ఇళ్లలో బడి మాన్పించి సంబంధాలు చూడటం కూడా మొదలుపెడతారు. ఇది పిల్లలకు తెలుసు. బెదిరించేవాడికీ తెలుసు, అందుకే "మీ నాన్నకు పంపిస్తా" అంటాడు. మన కోపాన్నే వాడు వాడుకుంటున్నాడు. మగపిల్లలకూ ఇదే జరుగుతోంది, గేమ్‌లో పరిచయమైన వాళ్ల నుంచి, కానీ వాళ్లు ఇంకా నోరు విప్పరు.

లాయర్: ఇంటి సంగతి సరే మేడం, బడి సంగతి కూడా మాట్లాడాలి. టీచర్ మీదో హాస్టల్ సిబ్బంది మీదో బిడ్డ చెప్తే పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఆయన్ని వేరే ఊరికి పంపి సరిపెట్టేస్తున్నారు. ఆ ఊళ్లో పిల్లలు లేరా? 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు, తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్దే దాస్తే ఏడాది వరకు.

వ్యాఖ్యాత: ముందు మేం విచారించి, నిజమని తేలాకే చెప్తాం అంటాయి కదా బడులు?

లాయర్: తేల్చడం బడి పని కాదు. స్టాఫ్ రూంలో నలుగురి ముందు నిలబెట్టి మళ్లీ మళ్లీ చెప్పించడం ఆ బిడ్డను ఇంకోసారి హింసించడమే. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గర గానీ తను కోరుకున్న చోట గానీ తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు, రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. వరంగల్‌లో భరోసా కేంద్రం ఉన్నదే ఇందుకు, కౌన్సెలింగ్, న్యాయ సాయం కోసం పది చోట్లకు తిరగకుండా. ఇంకో మాట, బిడ్డ ఇచ్చిన సమాచారం తప్పని తేలినా చట్టం బిడ్డను శిక్షించదు.

హెచ్ఎం: గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాల గురించి కూడా చెప్పాలి. అక్కడ బిడ్డ ఇంటికి ఫోన్ చేస్తున్నప్పుడు పక్కన సిబ్బంది నిలబడితే ఏం చెప్పగలుగుతుంది? ఆ పది నిమిషాలైనా ఒంటరిగా మాట్లాడనివ్వాలి. ఇక బతుకమ్మ, స్కూల్ డే ఫొటోలు పేరు, తరగతితో సహా ఫేస్‌బుక్‌లో పెట్టడం బడులు వెంటనే మానాలి. ఇప్పుడు బిడ్డ తనంతట తాను ఫొటో పంపక్కర్లేదు, ఫేస్‌బుక్‌లో ఉన్న ఆ ఫొటో తీసుకుని ఏఐతో అశ్లీలంగా మార్చి బెదిరిస్తున్నారు.

తల్లి: అట్ల బెదిరిస్తే అప్పటికప్పుడు ఏం చేయాలి సార్?

లాయర్: డబ్బు పంపొద్దు, ఇంకో ఫొటో పంపొద్దు, భయంతో చాట్ డిలీట్ చేయొద్దు. వాడి నంబర్, ప్రొఫైల్, బెదిరింపు మెసేజ్‌లు దాచిపెట్టుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబర్ 112కి గానీ ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. కానీ ఆ ఫొటోను మాత్రం సలహా అడగడానికైనా బంధువులకు ఫార్వర్డ్ చేయొద్దు. పిల్లల అశ్లీల చిత్రాలను పంచితే ఐటీ చట్టం 67బి కింద మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ ఉంది, అందులో ఫొటో మన ఫోన్ దాటి పోదు, ఆ ఫొటోను గుర్తుపట్టే ఒక డిజిటల్ కోడ్ మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి వాటికి వెళ్తుంది, అక్కడ ఆ ఫొటో కనబడితే తీసేస్తారు. వాట్సాప్‌లో తిరిగేదాన్ని అది ఆపలేదు, అందుకే పోలీసుల దగ్గరికి త్వరగా పోవాలి.

తల్లి: ఇప్పుడు ఇంటికి పోయి బిడ్డను ఎట్ల అడగాలి మేడం?

హెచ్ఎం: అడగకండి, చెప్పండి. ఇట్లా బెదిరించేవాళ్లు ఉంటారట, నీకు అట్లా జరిగితే నేను కొట్టను, ఫోన్ గుంజుకోను, ముందు నాకు చెప్పు అనండి. రేపు నిజంగా చెప్పినప్పుడు ఆ మాట తప్పితే మళ్లీ జన్మలో చెప్పదు. వాళ్ల నాన్న కూడా అదే మాట మీద ఉండాలి.

తల్లి: అయితే ముందు వాళ్ల నాన్నతోనే మాట్లాడాలి మేడం.