నడుము లేని క్రోమోజోమ్: పత్తి చేన్ల నల్లి చెప్పిన ముచ్చట

అందరికీ నమస్తే. సైన్స్ డే కి ఏదన్న మాట్లాడున్రి సార్ అని పిల్లలు ఫోన్ చేసిన్రు. రాకెట్ల గురించో ఏఐ గురించో చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు, నేను నల్లి గురించి చెప్త అన్న. ఇక్కడ కూసున్నోళ్లల్ల చానమంది పరకాల, నర్సంపేట, జనగామ, భూపాలపల్లి సైడు నుంచి వచ్చినోళ్లే, పత్తి ఏరుడు తెల్వని ఇల్లు ఉండదు. ఆఖరి ఏరుడుకు పోయినప్పుడు పగిలిన కాయ మీద ఎర్రగ గుంపులు గుంపులుగ పురుగులు ఉంటయి చూడున్రి, ఒక్కో రెక్క మీద ఒక్కో నల్ల చుక్క, కడుపు కింద అడ్డంగ తెల్ల చారలు, రెండు పురుగులు తోకా తోకా అతుక్కొని ఒకటి ముందుకు నడుస్తుంటే రెండోది ఎనుకకు నడుసుకుంట పోతది. గింజల రసం పీలుస్తది, దూదికి మరక పడ్తది, ఎనుమాముల మార్కెట్ల ఆ మరక చూసి రేటు తగ్గిస్తరు. ఇయ్యాల ఆ పురుగు కడుపుల ఏముందో చెప్త, ఎందుకంటే ప్రపంచానికి ఎక్స్ క్రోమోజోమ్ చూపెట్టింది దీని చుట్టమే. క్రోమోజోమ్ అంటే కణంల ఉండి తల్లిదండ్రుల గుణాలను పిల్లలకు మోసే దారం లాంటిది.

ముందుగాల పేరు తేల్చుకుందాం. మనం అన్నిటినీ పురుగే అంటం, మందు డబ్బా మీద గూడ గదే ఉంటది. కానీ మంచంల నల్లి, వరి కంకి మీద పాలు పీల్చే కంపు నల్లి, పత్తి మీది ఈ ఎర్ర పురుగు, ఇవన్నీ ఒక్క కులం. నోరు సూది లెక్క ఉంటది, కొరకదు, గుచ్చి పీలుస్తది. చాన వాటికి ముందు రెక్క సగం మందంగ సగం పల్చగ ఉంటది, వీపు మీద మూడు మూలల బిళ్ల ఉంటది, ప్యూపా దశ ఉండదు, పిల్ల గూడ తల్లి తీరుగనే ఉండి రెక్కలు మెల్లమెల్లగ వస్తయి. కొందరు పత్తి పురుగును ఎర్ర నల్లి అంటరు, మిరప రైతులు ఎర్ర నల్లి అనేది మాత్రం వేరే, దానికి ఎనిమిది కాళ్లు, అది సాలెపురుగు దిక్కు చుట్టం. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి, వరిల సుడిదోమ, ఇవన్నీ నల్లులకు దాయాదులు. అంటే మన రైతు మందు కొట్టేటివాట్ల చానవరకు ఈ ఒక్క వంశమే.

ఇగ అసలు ముచ్చట. 1891ల జర్మనీల హెన్‌కింగ్ అని ఒకాయన మన పత్తి పురుగు కుటుంబానికే చెందిన ఒక ఎర్ర నల్లిని కోసి, మగదాని వృషణాలల్ల వీర్యకణాలు ఎట్ల తయారైతయో చూసుకుంట కూసున్నడు. వీర్యకణం తయారు కావాల్నంటే కణం రెండుసార్లు విభజన అయితది. రెండో విభజన కాడ అన్ని క్రోమోజోములు రెండు దిక్కులకు సమానంగ పోతున్నయి, ఒక్కటి మాత్రం పంచుకోబడకుంట మొత్తం ఒక దిక్కే పోతున్నది. అంటే సగం వీర్యకణాలల్ల 12, సగం వాటిల్ల 11. ఆ ఒంటరి దానికి ఎక్స్ అని గుర్తు పెట్టిండు. అది ఎందుకుందో ఆయనకు తెల్వది. చానమంది పిల్లలు ఎక్స్ క్రోమోజోమ్ అంటే ఆకారం ఎక్స్ అక్షరం తీరుగ ఉంటదని ఆ పేరు వచ్చిందనుకుంటరు, అట్ల కాదు బిడ్డా. ఒక నల్లి కడుపుల లెక్క కుదరని ముక్కకు పెట్టిన గుర్తు అది, ఇయ్యాల మన అందరి ఒంట్ల ఉన్నదానికి అదే పేరు.

పదేండ్ల తర్వాత మెక్‌లంగ్ అని అమెరికా ఆయన, ఈ ఒంటరి ముక్కనే ఆడ మగ నిర్ణయిస్తదేమో అన్నడు, కానీ అది ఉన్నది మగది అయితదని ఉల్టా అనుకున్నడు. 1905ల విల్సన్ మళ్ల నల్లుల మీదనే పడ్డడు. గుమ్మడి తీగల మీద ఉండే ఒక నల్లిల మగదానికి 21, ఆడదానికి 22, అంటే ఆడదానికే ఒక ఎక్స్ ఎక్కువ. ప్రోటెనార్ అని ఇంకో నల్లిల మగదానికి 13, ఆడదానికి 14, అండ్ల ఎక్స్ ఎంత పెద్దగుంటదంటే కొత్త విద్యార్థి గూడ వెంటనే గుర్తుపడ్తడు. అదే ఏడు నెటీ స్టీవెన్స్ అనే అమ్మ పిండి పురుగు మీద చూసి, ఆడదానికి రెండు పెద్దవి, మగదానికి ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఉన్నదని తేల్చింది. ఆ చిన్నదే వై. ఆమె 1912ల, 50 ఏండ్లకే చనిపోయింది, మన పుస్తకాలల్ల ఆమె పేరు ఒక్క లైనుల గూడ ఉండదు, నాకు అది చాన బాధ అనిపిస్తది.

ఇక్కడ ఒక మాట చెప్పకుంట ముందుకు పోలేను. మన ఊర్లల్ల ఇప్పటికీ ఆడపిల్ల పుడ్తే కోడలిని అంటరు. గుడ్డు ఏదైనా అండ్ల ఒక ఎక్స్ ఉంటది, ఆడ మగ తేల్చేది తండ్రి దిక్కు నుంచి వచ్చే కణం. ఈ సంగతి ఒక ఎర్ర నల్లి 1891లనే స్లైడు మీద చూపెట్టింది, 130 ఏండ్లు దాటింది, ఇంకా అత్తలు కోడండ్లను ఏడిపిస్తనే ఉన్నరు.

సరే, ఇప్పుడు నడుము ముచ్చట. ఇంటర్ పుస్తకంల క్రోమోజోమ్ బొమ్మ ఎట్లుంటది? నడుము కాడ నొక్కినట్టు ఒక చోటు, దాన్ని సెంట్రోమియర్ అంటరు, కణం రెండయ్యేటప్పుడు కండె తంతువులు ఆ నడుముకే పట్టుకొని గుంజుతయి. కండె అంటే మన కొత్తవాడ తివాచీల మగ్గాల కాడ పెరిగిన పిల్లలకు చెప్పాల్సిన పని లేదు, ఆ మాట పుస్తకంలకు వాళ్ల దగ్గరి నుంచే వచ్చింది. నల్లి క్రోమోజోమ్‌కు ఆ నడుము లేదు. తంతువులు ఒక్క చోట కాకుంట పొడుగూతా పట్టుకుంటయి. ఒక తాటి దూలానికి నడుమ ఒక్క తాడు కట్టి లేపితే రెండు కొసలు కిందికి వేలాడుతయి గదా, మన కణాలల్ల క్రోమోజోమ్ పోయేటప్పుడు అట్ల వి తీరుగ వంగి పోతది. అదే దూలాన్ని పదిమంది వరసగ నిలబడి భుజానికి ఎత్తుకుంటే సాపుగ, అడ్డంగ పోతది. నల్లిది గట్ల పోతది, ఒకదానికి ఒకటి సమానంగ రెండు కట్టెలు దూరం జరిగినట్టు.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు ప్రాక్టికల్ పరీక్షల కంపు నల్లి స్లైడు గీసిన, కట్టెల తీరుగ సాపు గీతలే గీసిన, ఎందుకంటే నాకు అట్లనే కనపడ్డది. ఎగ్జామినర్ సెంట్రోమియర్ ఎక్కడుంది అని ఎర్ర ఇంకుతోని సున్న చుట్టి మార్కులు కోసిండు. ఆయన తప్పు అని కాదు, ఆయన చదివిన పుస్తకంల అట్లనే ఉన్నది. కానీ కండ్లతోని చూసినదాన్ని పుస్తకం తోని కొట్టేయొద్దని నేను ఆ రోజు అనుకున్న, తర్వాత పాఠం చెప్పిన 30 ఏండ్లు ఏ పిల్లవాని రికార్డుల గూడ అట్ల సున్న చుట్టలేదు.

దీనికి రుజువు ఏందంటే, దూలాన్ని నరికి చూసుడే. నడుమ ఒక్క తాడే ఉంటే, నరికినప్పుడు తాడు లేని ముక్క ఆడనే పడిపోతది. పదిమంది మోస్తుంటే రెండు ముక్కలూ పోతయి. 1941ల శాలీ హ్యూస్ ష్రాడర్, హన్స్ రిస్ అని ఇద్దరు, పిండినల్లి జాతి దగ్గరి ఒక పురుగుకు ఎక్స్ రే కొట్టి క్రోమోజోములు ఇరగ్గొట్టిన్రు, ఆ ముక్కలు మంచిగ రెండు దిక్కులకు పంచుకుంట పోయినయి, ఏదీ ఆగలేదు. 1969ల ఇంకో నల్లిల అట్ల ఇరిగిన ముక్కలు మూడు తరాల దాక పిల్లలకు దిగుతయని చూపెట్టిన్రు. 2014ల ఇంకో సంగతి బయటపడ్డది. మనల్ల సెంట్రోమియర్ ఎక్కడ ఉండాల్నో గుర్తు పెట్టే సెన్‌హెచ్3 అనే ప్రోటీన్ ఉంటది, అది లేకుంటే మన కణం బతకదు. నల్లులల్ల, సీతాకోకచిలుకలల్ల, తూనీగలల్ల ఆ ప్రోటీనే లేదు. వేర్వేరు కాలాలల్ల వేటికవే దాన్ని పోగొట్టుకున్నయట. మనకు ప్రాణం లాంటి ప్రోటీన్‌ను వదిలేసి ఇవి ఇన్ని కోట్ల ఏండ్లు ఎట్ల బతుకుతున్నయో ఆలోచించున్రి, నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ముక్కలైనా ప్రమాదం తక్కువ కాబట్టి నల్లుల క్రోమోజోమ్ లెక్కలు చాన మారుతయి. చెరువుల ఉండే పెద్ద నీటి నల్లుల జాతిల ఒకదానికి 4 మాత్రమే, ఇంకో నల్లికి 80. మంచంల నల్లిల మగదానికి మామూలుగ 29, అండ్ల ఎక్స్‌లే రెండు, కొన్ని చోట్ల పట్టిన వాటిల్ల ఎక్స్ ఇంకా ముక్కలై ఎక్కువ కనపడ్డది.

రైతు అన్నలకు ఇది ఎందుకు పనికొస్తదంటే, గులాబీ రంగు పురుగు మీ అందరికీ తెలుసు, పత్తి కాయల దూరి మనల్ని ముంచింది. అది నల్లి కాదు, రెక్కల పురుగు, కానీ దాని క్రోమోజోముకు గూడ నడుము లేదు. మగ పురుగులకు రేడియేషన్ కొట్టి గొడ్డు చేసి చేన్లల్లకు ఇడిసే పద్ధతి ఉన్నది గదా, ఈగలకు కొంచెం మోతాదు సరిపోతది, వీటికి క్రోమోజోమ్ ఇరిగినా ముక్కలు నిలుస్తయి కాబట్టి చాన కొట్టాలె, అంత కొడితే పురుగు నీరసపడి జత కట్టదు. అందుకని మోతాదు తగ్గిస్తరు, అప్పుడు తండ్రి సగం గొడ్డు అయితది, పుట్టిన పిల్లలు మాత్రం తండ్రికన్న ఎక్కువ గొడ్డు అయితయి, ఇరిగి అటూ ఇటూ అతికిన ముక్కలు వాళ్లకు దిగుతయి కాబట్టి. అమెరికాల గొడ్డు పురుగులు ఇడుసుడు, బీటీ పత్తి, లింగాకర్షక బుట్టల మందు, ఇట్ల అన్నీ కలిపి చేసి 2018ల ఆ దేశంల గులాబీ పురుగు లేదని ప్రకటించిన్రు. మనకాడ అంతే అయితదని నేను చెప్పను, మన కమతాలు చిన్నయి, పద్ధతులు వేరు. మహదేవ్‌పూర్, చెన్నూర్ అడవులల్ల దసలి పట్టు పురుగు గూడ ఇదే తీరు, 31 జతల క్రోమోజోములు, ఒక్కదానికీ నడుము లేదు.

నల్లిల ఇంకో వింత మియోసిస్ కాడ, అంటే వీర్యకణాలు తయారయ్యే ఆ రెండు విభజనల కాడ ఉన్నది, నాకు అన్నిటికన్న ఇష్టమైంది ఇదే. మామూలుగ మొదటి విభజనల జతలు ఇడిపోతయి, రెండోదాంట్ల ఒక్కొక్కటి నిలువుగ చీలుతది. నల్లిల మామూలు క్రోమోజోములు గట్లనే చేస్తయి, ఎక్స్ వై మాత్రం ఉల్టా. మొదటిదాంట్ల దేనికది చీలుతయి, రెండోదాంట్ల దగ్గరికి వచ్చి ముట్టీ ముట్టనట్టు ఒక్క క్షణం ఉండి ఇడిపోతయి. ఆ టైముల స్లైడు మీద చూస్తే మామూలు క్రోమోజోములు గుండ్రంగ రింగు కట్టి ఉంటయి, నడుమ ఎక్స్ వై ఒకదానిమీద ఒకటి. మన వేయిస్తంభాల గుడి కాడ బతుకమ్మ చుట్టూ ఆడోళ్లు నిలబడ్డట్టే ఉంటది, మొదటిసారి చూసినప్పుడు నాకు నోట్ల మాట రాలే. ఇంకోటి, పొడుగూతా పట్టుకునే తంతువులు మియోసిస్ కాడికి వచ్చేసరికి క్రోమోజోమ్ కొసకే పట్టుకుంటయి, ఒకే పురుగుల రెండు పద్ధతులు.

దాయాదుల సంగతి జల్ది చెప్త. పేనుబంక తల్లి మగది లేకుంటనే బిడ్డలను కంటది, మగది కావాల్నంటే గుడ్డుల ఒక ఎక్స్‌ను వదిలేస్తది. తెల్లదోమల గుడ్డు ఫలదీకరణ కాకుంటే మగది. పిండినల్లిల కొడుకుకు తండ్రి నుంచి వచ్చిన 5 క్రోమోజోములు ముద్దకట్టి మూలకు పడి ఉంటయి, పని చేయవు, తల్లియే నడుస్తయి. దీని మీద మన హైదరాబాద్‌ల కణాల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీల గూడ పని చేసిన్రు.

ఆఖరికి చేసే పని. కాలేజీలల్ల ఎప్పుడు చూసినా ఉల్లిగడ్డ వేరే, అది మైటోసిస్‌కు, అంటే మామూలు కణ విభజనకు మంచిదే, కానీ మియోసిస్ చూడాల్నంటే మన పెసర చేన్ల పచ్చగ డాలు తీరుగ ఉండి ముట్టుకుంటే కంపు కొట్టే నల్లి చాలు. చివరి దశ పిల్లనో, కొత్తగ రెక్కలొచ్చిన మగదో పట్టుకోండి. ఉప్పునీళ్లల్ల కోస్తే కడుపుల రెండు దిక్కులా ఎరుపో పసుపో రంగు పొర కప్పుకున్న వృషణాలు కనపడ్తయి. మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు అసిటిక్ యాసిడ్‌ల కొంచెం సేపు ఉంచి, చిన్న ముక్క తీసి అసిటో కార్మిన్ అనే ఎర్ర రంగు చుక్కల ఏసి, కవర్ స్లిప్ పెట్టి, పెన్సిల్ ఎనుక కొసతోని మెల్లగ కొట్టి, బ్లాటింగ్ కాయితం పెట్టి బొటనవేలితో ఒక్కసారి ఒత్తాలె. పక్కకు జరగనియ్యద్దు, జరిగితే రింగు చెదిరిపోతది. ఒక్కసారికి రాదు, నాలుగైదు స్లైడులు పోతయి, పర్వాలేదు.

నిన్న పొద్దుమాపు చేసిన స్లైడు ఆ కిటికీ పక్క టేబుల్ మీద ఉన్నది. అదే పచ్చ నల్లిది, మామూలు కణంల మొత్తం 14. రెండో విభజన కాడ ఆపి పెట్టిన, జతలు అప్పటికే ఇడిపోయినయి కాబట్టి చుట్టూ 6 లెక్కపెట్టున్రి, నడుమ ఎక్స్ వై చూడున్రి. పెద్ద నాబ్ తిప్పకున్రి, నూనె లెన్సు స్లైడుకు తాకుతది, చిన్న నాబే కొంచెం కొంచెం. ముందు ఎనుక బెంచిల ఆడపిల్లలు రాండ్రి.