బతుకమ్మ సెలవుల్లో తీపి బల్ల

శ్రోతలందరికీ నమస్కారం.

బతుకమ్మ సెలవుల్లో పిల్లల పుట్టినరోజు పడినా, సద్దుల నాడు ఆడబిడ్డలు, అల్లుళ్లు ఇంటికి వచ్చినా ఈ మధ్య చాలా ఇళ్లల్లో ఒక ఏర్పాటు కనబడుతున్నది. ముందుగదిలో గోడకు ఆనించి ఒక బల్ల వేస్తారు. దాని మీద నాలుగు రకాల తీపి, వెనుక గోడకు రంగు కాగితాల సింగారం. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని తింటారు. చూడ్డానికి బాగుంటుంది, వడ్డించే పనీ తప్పుతుంది.

చెడేది ఎక్కడంటే, ఏం పెట్టాలో ఎంచుకునే దగ్గర. బేకరీలో చూసి క్రీము ముక్కలు, చాక్లెట్‌లో ముంచిన బిస్కెట్లు పెడతారు. మూడింటికి సర్దితే నాలుగున్నరకు క్రీము జారి పళ్లెం అంచుకు చేరుతుంది, చాక్లెట్ వేళ్లకు అంటుతుంది. చేసిన చేతిలో లోపం లేదు. అవి చల్లదనం మీద నిలబడే వస్తువులు, బల్ల మీద ఫ్రిజ్ ఉండదు కదా. కాబట్టి ఒక్కటి గట్టిగా పట్టుకోండి: బయట మూడు గంటలు పెట్టినా ఆకారం చెడనిదే బల్ల ఎక్కాలి. అట్లాంటివి మనకు దగ్గర్లోనే ఉన్నాయి. పాలమూరు పల్లీలున్నాయి, నల్లగొండ బత్తాయిలున్నాయి, సద్దుల మలీద ఎట్లాగూ ఉంది. బాలానగర్ పేరు మీదనే ఒక రకం సీతాఫలం ఉన్నది, దానికి మాత్రం చిన్న మినహాయింపు ఇద్దాం. థీమ్ వేరే వెతకక్కర్లేదు, బతుకమ్మే. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ, ఈ మూడు రంగులు చాలు. నాలుగో రంగు చేరిందా, బల్ల కాస్తా సంతలో దుకాణం అయిపోతుంది.

ఇప్పుడు చెప్పే కొలతలు 25 మందికి. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందు పల్లీ పట్టి. పల్లీలు పావు కిలో, బెల్లం 200 గ్రాములు, నీళ్లు రెండు పెద్ద చెంచాలు, నెయ్యి ఒక చెంచా, తినే సోడా చిటికెడు. పల్లీలను సన్నని సెగ మీద పది, పన్నెండు నిమిషాలు వేయించాలి. మంట పెంచితే పొట్టు నల్లబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అట్లాంటి పల్లీతో చేసిన పట్టి మర్నాటికే మెత్తబడ్డట్టు తోస్తుంది. పొట్టు చెరిగేసి, పల్లీని రెండు బద్దలు చేసి, పొయ్యి పక్కన వెచ్చగా ఉంచండి. చల్లటి పల్లీ పాకంలో పడితే పాకం అక్కడికక్కడే గడ్డ కడుతుంది, పరిచే లోపే ముద్ద అయిపోతుంది.

బెల్లం నీళ్లలో కరగగానే ఒకసారి వడకట్టండి. ఇసుక ఒక్క పలుకు తగిలినా పంటి కింద కరకరమంటుంది. వడకట్టిన బెల్లాన్ని మందపాటి గిన్నెలో మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పక్కన గిన్నెలో చల్లటి నీళ్లు ఉండాలి. నురగ పొంగి, రంగు ముదురుతున్నప్పుడు ఒక చుక్క నీళ్లలో వేసి చూడండి. వేళ్ల మధ్య మెత్తని ఉండ అయితే అది ఉండపాకం, ముద్దలకు పనికొస్తుంది, పట్టికి కాదు. ఇంకో నిమిషం ఆగి మళ్లీ చూడండి. ఈసారి ఉండ గట్టిగా ఉంటుంది కాని వంచితే వంగుతుంది. ఇంకా కాదు. చుక్కను నీళ్లలోంచి తీసి విరిస్తే పటుక్కున విరగాలి, పళ్లానికి కొడితే ఠంగుమనాలి. పంటికి అంటుకుని సాగే పట్టి అంతా ఈ ఒక్క నిమిషం ముందు దించినదే. ఆ నిమిషం దాటి ఇంకా ఉంచితే మాడు చేదు వస్తుంది, అందుకని పొయ్యి దగ్గర నుంచి కదలొద్దు, ఫోను వచ్చినా ఎత్తొద్దు.

మంట ఆపి నెయ్యి, సోడా వేస్తే పాకం ఒక్కసారి పొంగి తేలికవుతుంది. లోపల గాలి బుడగలు పుట్టడం వల్లనే పట్టి గుల్లగా కొరుకుడు పడుతుంది. వెంటనే పల్లీలు కలిపి, నెయ్యి రాసిన పీట మీద పోసి, నెయ్యి రాసిన అప్పడాల కర్రతో జానెడు పైచిలుకు చదరంగా, ముప్పావు సెంటీమీటరు మందాన ఒత్తండి. కోయడానికి రెండు, మూడు నిమిషాలే టైము. నాలుగు సెంటీమీటర్లకు ఒక గీత నిలువుగా, ఆ గీతల మీదుగా ఏటవాలుగా ఇంకో వరుస గీస్తే పోచంపల్లి చీర మీది డైమండ్ల లాంటి ముక్కలు వస్తాయి. పాతిక దాకా మంచి ముక్కలు, అంచుల్లో ముక్కోణాలు. ముక్కోణాలు చేసినవాళ్లకే. పూర్తిగా చల్లారిన తర్వాతనే డబ్బాలో పెట్టి బిగుతుగా మూయాలి. వేడి మీద మూస్తే ఆవిరి పట్టి జిగటవుతుంది. బెల్లం గాలిలోని తేమను కూడా లాగుతుంది, వాన పడ్డ రోజు పట్టిని బల్ల మీద చివరగా పెట్టండి. మూడు రోజుల ముందే చేసుకోవచ్చు. మరీ చిన్నపిల్లలకు ఇది ఇవ్వొద్దు, పల్లీ బద్ద గొంతులో అడ్డుపడే భయం ఉంటుంది. వాళ్లకు మలీద ఉంది.

మలీద అందరికీ తెలిసినదే, అయినా ఒకటి రెండు మాటలు. గోధుమపిండి 300 గ్రాములతో మందంగా రొట్టెలు చేసి బాగా కాల్చాలి. పచ్చి ఎక్కడా మిగలకూడదు. తర్వాత చల్లార్చాలి, తొందరపడొద్దు. వేడి రొట్టెను మిక్సీలో వేస్తే ఆవిరి తగిలి పిండి ముద్దలా సాగుతుంది. చల్లారినదాన్ని ఆపి ఆపి తిప్పితే రవ్వలా రాలుతుంది. దాంట్లో తురిమిన బెల్లం 200 గ్రాములు, కాచిన నెయ్యి నాలుగు పెద్ద చెంచాలు, ఇలాచి పొడి. చేత్తో గట్టిగా పిసికితే బెల్లం తడికే ముద్ద కడుతుంది. నీళ్లు, పాలు చిలకరించొద్దు, చిలకరిస్తే మర్నాటికి పులిసిన వాసన వస్తుంది. నిమ్మకాయంత ముద్దలు పాతిక అవుతాయి. పొద్దున చేసి సాయంత్రానికి తినాలి.

ఇక బత్తాయి జెల్లీ. పిల్లలు మొదట చేయి వేసేది దీని మీదనే. జెలటిన్‌తో చేస్తే మన ఎండకు కరిగి నీళ్లవుతుంది. చైనా గ్రాస్‌తో చేయండి. అది సముద్రపు నాచు నుంచి వచ్చేది. సుమారు 40 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది, మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల వేడి కావాలి. గదిలో ఎంత ఉక్క పోసినా నిలబడేది అందుకే.

ఏడెనిమిది బత్తాయిలు అడ్డంగా సగానికి కోయండి. తొక్క చిరగకుండా రసం పిండి, లోపలి పొరను చెంచాతో లాగేయండి. అర లీటరు రసం వస్తుంది. గింజలు నలగనివ్వొద్దు. ఈ రసాన్ని పిండిపెట్టి గంటలు ఉంచితే చేదెక్కుతుంది, కాబట్టి పొయ్యి వెలిగించబోయే ముందే పిండండి. చైనా గ్రాస్ పోగుల ప్యాకెట్ 10 గ్రాములది 200 మిల్లీలీటర్ల నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, అవే నీళ్లతో సన్న సెగ మీద పది నిమిషాలు కాచండి. గరిటె ఎత్తి చూస్తే ఒక్క పోగూ కనబడొద్దు. ఒక్కటి మిగిలినా జెల్లీలో వెంట్రుకలా కనబడుతుంది. చక్కెర 70 గ్రాములు అందులోనే కరిగించి దించండి. రెండు నిమిషాలు ఆగి, రసాన్ని సన్నని ధారగా పోస్తూ కలపండి. రసం వేసి కాచితే పులుపుకు చైనా గ్రాస్ బలం పోతుంది, జెల్లీ పేరుకోదు. అట్లా అని ఫ్రిజ్‌లోంచి తీసిన రసం పోసినా తప్పే, పోసిన చోటల్లా తుంపులు తుంపులుగా గడ్డ కడుతుంది. గది చల్లదనం రసమే సరి.

తొక్కలు దొర్లకుండా ఒక్కొక్కదాన్ని చాయ్ కప్పులో కూర్చోబెట్టి నిండుగా పోయండి. చిల్లి పడిన తొక్కను పక్కన పడేయండి, అతికించాలని చూడొద్దు. పది, పదకొండు తొక్కలు నిండుతాయి. ఫ్రిజ్‌లో రెండు గంటలు చాలు. తర్వాత కత్తిని ప్రతిసారీ తడి చేస్తూ ఒక్కో దొప్పను మూడు ముక్కలుగా కోస్తే పసుపు పడవలు ముప్పై వస్తాయి. తెల్ల పళ్లెంలో గుండ్రంగా పేరిస్తే తంగేడు పువ్వు అదే.

సీతాఫలం బాసుంది సంగతి త్వరగా చెప్పేస్తాను. చిక్కటి పాలు రెండు లీటర్లు సగానికి మరగకాచి, 100 గ్రాముల చక్కెర కలిపి, పూర్తిగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున అయిదారు పెద్ద పండ్ల గుజ్జును స్టీలు జల్లెడ మీద చెంచాతో రుద్ది దించండి, గింజలు పైన మిగులుతాయి. గింజలతో మిక్సీలో తిప్పడం మాత్రం వద్దే వద్దు, నలిగిన సీతాఫలం గింజ విషం. గుజ్జును వేడి పాలలో వేసినా, వేసి కాచినా చేదవుతుంది. చల్లటి పాలలోనే కలపాలి. చిన్న చాయ్ గ్లాసుల్లో పోసి, అతిథులు వచ్చి కూర్చున్నాక బల్ల మీదికి తెండి. పాల వస్తువు కాబట్టి రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, మిగిలినదాన్ని రాత్రికి దాచొద్దు.

ఇప్పుడు కాగితం పని. బల్లకు నడుమ కాగితపు బతుకమ్మ ఒకటి నిలబెడితే ఇంకేం సింగారం లేకున్నా సరిపోతుంది.

ఒక చార్టు తీసుకోండి. దాని పొడవు అంచు నడుమ మేకు గుచ్చి, దారానికి పెన్సిల్ కట్టి, 30 సెంటీమీటర్ల దూరంతో అర్ధ వృత్తం గీసి కోయండి. రెండు కొసలను దగ్గరకు చుట్టి అంటిస్తే గోపురం వస్తుంది. అడుగు 30 సెంటీమీటర్ల వెడల్పు, ఎత్తు 26. కొసన 5 సెంటీమీటర్లు కత్తిరించేయండి, బతుకమ్మకు సూది మొన ఉండదు కదా. పతంగి కాగితాన్ని 6 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, నాలుగు మడతలు పెట్టి, 4 సెంటీమీటర్ల లోతున, అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున చీరండి. మడత మరీ మందంగా ఉంటే కత్తెర కింద కాగితం జారుతుంది, చీలికలు వంకర పోతాయి.

అంటించడం కింది నుంచి పైకి. చీలికలు కిందికి వేలాడాలి, చీరని 2 సెంటీమీటర్ల అంచుకు మాత్రమే జిగురు. మొదటి వరుస అడుగు అంచుకు చీలికల కొసలు తగిలేటట్టు. ఆ తర్వాత రెండున్నర సెంటీమీటర్లకు ఒక వరుస. పై వరుస కింది వరుస జిగురును కప్పుకుంటూ పోతుంది. పైనుంచి మొదలు పెట్టినవాళ్లకు జిగురు అంచులన్నీ బయట కనబడతాయి, పీకి మళ్లీ చేయడం తప్పదు. లెక్క ప్రకారం తొమ్మిది వరుసలు పడతాయి. బతుకమ్మ తొమ్మిది రోజులకు ఇది తానుగా కుదిరిన లెక్కే. అన్ని వరుసలకు కలిపి నాలుగున్నర మీటర్ల పట్టీ కావాలి, అయిదు మీటర్లు కోసి పెట్టుకోండి. పసుపు రెండు వరుసలు, తెలుపు ఒకటి, నారింజ ఒకటి, మళ్లీ పసుపు, ఇట్లా. పైన పసుపు కాగితపు గుమ్మడి పువ్వు.

జిగురు విషయం. మైదా లై పతంగి కాగితానికి వద్దు. నీళ్లెక్కువ ఉండి కాగితం ముడుచుకుంటుంది, రంగు తెల్లదాని మీదికి దిగుతుంది. గ్లూ స్టిక్ గాని, పల్చగా పూసిన ఫెవికాల్ గాని వాడండి. ఈ రంగు దిగే గుణం వల్లనే పతంగి కాగితం, క్రేప్ కాగితం తినేవాటికి తగలనివ్వొద్దు. నెయ్యి వస్తువు కింద మోదుగాకు డొప్ప గాని బటర్ పేపర్ గాని పెట్టండి. పాత వార్తాపత్రికను పొరపాటున కూడా వాడొద్దు, సిరా తినేదానికి అంటుతుంది.

వెనుక తోరణానికి కాగితపు ఆకులను జిగురుతో కాకుండా సూది దారంతో కుట్టండి, అదీ ఒక్కో ఆకుకు రెండు రంధ్రాలు చేసి. ఒక్క రంధ్రమే ఉంటే ఫ్యాను గాలికి ఆకు గిరగిరా తిరిగి వెనుక వైపు చూపిస్తుంది.

బల్ల సర్దేటప్పుడు అన్నీ ఒకే ఎత్తులో పెడితే వెనుకవి కనబడవు. స్టీలు గిన్నెలు బోర్లించి, వాటి మీద గుడ్డ పరిచి, వెనుక వరుసను జానెడు లేపండి. బతుకమ్మ నడుమ, బరువైన జెల్లీ పళ్లెం ముందు, పట్టి ఒక పక్క, మలీద ఇంకో పక్క.

ఇన్ని చేసిన బల్లను చీమలకు అప్పగించొద్దు. బెల్లం వాసనకు అవి అరగంటలో వస్తాయి. బల్ల కాళ్లు నాలుగూ నీళ్లు పోసిన గిన్నెల్లో పెట్టండి. ఆ తర్వాత ఒకసారి వంగి చూడండి, పరిచిన గుడ్డ కొస నేలకు తగులుతూ ఉంటే గిన్నెల్లో నీళ్లు పోసినా లాభం లేదు, చీమలు గుడ్డ పట్టుకునే ఎక్కుతాయి. కొసలను బెత్తెడు పైకి మడిచి పిన్ను పెట్టేయండి.

నమస్కారం.