మొక్క క్వాంటం కంప్యూటరా? ఎస్ ఆర్ నో! (స్టూడియో చర్చ, వినబడింది వినబడినట్టు)

(ముగ్గురూ ఒకేసారి అరిచిన చోట ఎవరి మాట పైకి తేలితే అదే రాశాను, కాబట్టి ప్రొఫెసర్ గారిదే ఎక్కువ కనిపిస్తుంది, నా తప్పేం లేదు.)

యాంకర్: నమస్కారం. ఫోన్ ఓపెన్ చేస్తే చాలు, ఎండ శక్తిని పట్టి చేరవేసే ఆకులో క్వాంటం కంప్యూటర్, అంటే అణువుల లోకపు వింత నియమాలతో లెక్కలు కట్టే యంత్రం, ఉందంటూ వీడియోలు. సైంటిస్టుల్లోనే కొందరు అదంతా ఉత్తిదే అంటున్నారు. రెండు పక్షాలకీ సమాన టైమ్ ఇస్తాం. ప్రొఫెసర్ గారూ, మొక్క క్వాంటం కంప్యూటరా? ఎస్ ఆర్ నో?

ప్రొఫెసర్ (ఫిజిక్స్): నో. అసలు అది మొక్కే కాదు. 2007లో బర్క్‌లీలో ఫ్లెమింగ్ గ్రూపు వాళ్ళు చూసింది గ్రీన్ సల్ఫర్ బ్యాక్టీరియాలో కాంతి శక్తిని చేరవేసే ఎఫ్ఎంఓ అనే ప్రోటీన్‌ని, అదీ 77 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 196 డిగ్రీలు. అంత చలిలో ఏ ఆకు బతుకుతుంది చెప్పండి?

పరిశోధకురాలు (స్పెక్ట్రోస్కోపీ, అంటే కాంతితో పదార్థాన్ని పరీక్షించడం): ఒక్క నిమిషం సార్, 2010లో 277 కెల్విన్ దగ్గర కూడా...

ప్రొఫెసర్: వస్తా, అక్కడికే వస్తా! 2007లో వాళ్ళు లేజర్‌తో కొట్టి చూసిన సిగ్నల్ ఊగుతూ 660 ఫెమ్టోసెకన్లు నిలిచింది. ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్ల వంతు. చుట్టూ ప్రోటీన్ నిమిషం ఖాళీ లేకుండా కదులుతుంటే కోహెరెన్స్, అంటే క్వాంటం తరంగాలు ఒకే తాళంలో ఉండటం, అంతసేపు ఎలా బతికిందని అందరూ నోరెళ్ళబెట్టారు. 2017కి ఇంకో గ్రూపు మామూలు టెంపరేచర్లో కొలిస్తే ఎలక్ట్రానిక్ కోహెరెన్స్, అంటే ఎలక్ట్రాన్లది, 60 ఫెమ్టోసెకన్లకే పోతోంది. కథ కంచికి!

యాంకర్: అంటే 2007 వాళ్ళు మనల్ని మోసం చేశారా?

పరిశోధకురాలు: లేదండి, ఎందుకు చేస్తారు? డేటా నిజమే, దానికి చెప్పిన అర్థం మీదే గొడవ. ఎక్కువసేపు నిలిచిన ఆ ఊగులాట చాలావరకు అణువుల కంపనాలదని తర్వాత తేలింది. కంపనాలు కూడా...

యాంకర్: మేడమ్, క్షమాపణ చెప్పాలా వద్దా?

పరిశోధకురాలు: ఎవరికి చెప్పాలండి?

జర్నలిస్ట్: నాకు ఇందులో చుట్టుపక్కల పరిసరం పాత్రే ఇంట్రెస్టింగ్. దాన్ని ఎప్పుడూ విలన్‌గానే చూపిస్తారు, క్వాంటం కంప్యూటర్‌లో లెక్క నడిపే క్యూబిట్లలో కొన్ని రకాల్ని 10, 20 మిల్లీకెల్విన్‌లో, అంటే దాదాపు పరమశూన్యం దగ్గర, దాచేది దానికి భయపడే కదా. కానీ 2008లో థియరీ వాళ్ళు కొంచెం నాయిస్, అంటే ఆ పరిసరపు కుదుపు, ఉంటేనే శక్తి బాగా చేరుతుందని చూపించారు. ఇరుక్కున్న డ్రాయర్‌ని కాస్త కుదిపితే వస్తుంది చూడండి...

ప్రొఫెసర్: డ్రాయర్ క్వాంటం కాదండీ!

జర్నలిస్ట్: నేను అన్నది...

పరిశోధకురాలు: ఆయన చెప్పేది కరెక్టే సార్. కాంతిని పట్టే పిగ్మెంట్ల ఎనర్జీలు ఒక్కోటి ఒక్కోలా ఉంటే, నాయిస్ అస్సలు లేకపోతే ఎక్సైటేషన్, అంటే పట్టిన ఆ శక్తి, ఒకచోటే చిక్కుకుపోతుంది. కొంచెం నాయిస్ దాన్ని విడిపిస్తుంది, మరీ ఎక్కువైతే మళ్ళీ కదలనివ్వదు. మధ్యలో ఎక్కడో...

యాంకర్: అంటే మొక్క నాయిస్‌తో నడిచే క్వాంటం కంప్యూటర్!

ప్రొఫెసర్: అబ్బా, కాదు! నేను మొదట్నించీ ఒకటే మొత్తుకుంటున్నా, సూర్యుడు లేజర్ కాదు. ల్యాబ్‌లో ఫెమ్టోసెకన్ లేజర్ పల్స్ కొట్టి అన్ని అణువుల్నీ ఒకేసారి ఒకే తాళంలో లేపుతారు. ఎండ అలా రాదు, అస్తవ్యస్తంగా వచ్చే కాంతి అది, దాని కోహెరెన్స్ ఒకట్రెండు ఫెమ్టోసెకన్లు ఉంటే గొప్ప. మంచి ఎండలో కూడా ఒక్కో క్లోరోఫిల్‌కి సెకనుకి పదో పరకో ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, పడతాయి. రెండు ఫోటాన్ల మధ్య అంత ఖాళీ ఉంటే ఊగులాట ఎవరు మొదలెడతారు, ఎవరు చూస్తారు?

యాంకర్: పవర్‌ఫుల్ పాయింట్. మరి పిల్లి సంగతేంటి సార్? ష్రోడింగర్ అనే సైంటిస్టు ఊహించిన, ఒకేసారి చచ్చీ బతికీ ఉండే పిల్లి?

(పిల్లి ఎందుకొచ్చిందో నాకైతే అర్థం కాలేదు, కానీ అయిదు నిమిషాలు దాని మీదే నడిచింది.)

ప్రొఫెసర్: మంచి ప్రశ్న. 1996లో పారిస్‌లో హరోష్ గ్రూపు అద్దాల మధ్య కొద్దిపాటి మైక్రోవేవ్ ఫోటాన్లని బంధించి చిన్న సైజు పిల్లిని తయారుచేసింది. రెండు స్థితుల మధ్య తేడా పెరిగేకొద్దీ సూపర్‌పొజిషన్, అంటే రెండిట్లోనూ ఒకేసారి ఉండటం, అంత త్వరగా చెదిరిపోయింది. పరిసరం ఎలా మింగేస్తుందో కళ్ళారా చూసినట్టే. హరోష్‌కి 2012లో నోబెల్ వచ్చింది. క్వాంటం అంటే అదీ!

పరిశోధకురాలు: దానికీ దీనికీ తేడా ఉంది సార్. అక్కడ పరిసరం ఫోటాన్లని ఊడబెరుకుతుంది అంతే. ఇక్కడ ప్రోటీన్ కంపనాల్లో కొన్ని సరిగ్గా పిగ్మెంట్ల ఎనర్జీ తేడాకి సరిపోతాయి. పైగా ఒకే ఎక్సైటేషన్ అనేక పిగ్మెంట్ల మీద పరుచుకుని ఉండటం కూడా క్వాంటమే కదా, దానికి లేజర్ అక్కర్లేదు. 2023లో పర్పుల్ బ్యాక్టీరియా మీద...

ప్రొఫెసర్: పరుచుకోవడం అనేది కెమిస్ట్రీ అమ్మా, బెంజీన్ అనే మామూలు రసాయనంలోనూ ఉంది! బెంజీన్‌ని ఎవరైనా క్వాంటం కంప్యూటర్ అన్నారా?

పరిశోధకురాలు: నేనూ అనలేదు సార్, ఇంతసేపూ కంప్యూటర్ అన్నది యాంకర్ గారు.

యాంకర్: నేను ప్రజల తరఫున అడుగుతున్నా మేడమ్. 2023 సంగతి ఇరవై సెకన్లలో చెప్పండి.

పరిశోధకురాలు: లేజర్ పల్స్ గొడవ కాకుండా, నిజంగా ఒక్క ఫోటాన్ పీల్చుకుంటే ఏమవుతుందో చూశారు. జంట ఫోటాన్లని పుట్టించి ఒకదాన్ని గుర్తుగా వాడుకుని...

ప్రొఫెసర్: అందులో పొడవాటి కోహెరెన్స్ కనిపించిందా? లేదు! 2020లో చాలామంది కలిసి రాసిన రివ్యూ ఉంది, ఆ కోహెరెన్స్ పనికొచ్చేంతసేపు ఉండదని అందులో రాసేశారు.

పరిశోధకురాలు: అదే రివ్యూలో కంపనాల గురించి కూడా...

యాంకర్: టైమ్ అయిపోయింది. ప్రొఫెసర్ గారి మాట ప్రకారం నో అని రాసుకుందామా?

జర్నలిస్ట్: నాకు వచ్చింది రెండు నిమిషాలండి.

ప్రొఫెసర్: రాసుకోండి. ఆ మాట పక్కనే సూర్యుడు లేజర్ కాదని కూడా...

(ఇక్కడ యాడ్ పడింది.)