ముడి విప్పిందా, దారం తెంపిందా?

అందరికీ నమస్కారం. మీకు పంచిన రబ్బరు బ్యాండ్లు తీయండి. పై పెదవికి ఆనించి ఒక్కసారిగా సాగదీయండి. వెచ్చగా తగిలిందా? అలాగే కాసేపు పట్టుకుని, గబుక్కున వదిలి మళ్లీ ఆనించండి. ఈసారి చల్లగా ఉంటుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ వెచ్చదనం చుట్టూ తిరిగేదే.

రబ్బరు అణువు అంటే వేల ఐసోప్రీన్ ముక్కలు వరసగా కలిసిన పొడవాటి గొలుసు. గది వేడిలో అది క్షణం కుదురుగా ఉండదు. వంగుతుంది, మెలితిరుగుతుంది. సాగదీస్తే అలా తిరగడానికి వీలు తగ్గుతుంది, వదిలితే మళ్లీ చిందరవందరగా ముడుచుకుంటుంది. రబ్బరు సాగే గుణమంతా ఆ కదలికలోనే ఉంది. సహజ రబ్బరును సుమారు మైనస్ 70 డిగ్రీలకు చల్లబరిస్తే కదలిక ఆగి, అది గాజులా పెళుసెక్కిపోతుంది.

పచ్చి రబ్బరు ఎండకు బంకయ్యేది, చలికి బిగుసుకునేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేస్తే ఆ జబ్బు పోయింది. గొలుసుకీ గొలుసుకీ మధ్య గంధకం ముడులు వేసిందన్నమాట. వంద పాళ్ల రబ్బరుకు రెండు మూడు పాళ్లు చాలు. ఆ తర్వాత గొలుసు కదలగలదు కానీ జారిపోలేదు. పాపం, ఆయన అప్పులతోనే 1860లో పోయాడు. ఆయన పేరున్న టైర్ల కంపెనీ అమెరికాలోని ఆక్రన్‌లో 1898లో మొదలైంది, దానితో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

చిక్కంతా ఆ ముడులతోనే. ప్లాస్టిక్ బకెట్టును కరిగించి మళ్లీ పోత పోయొచ్చు. టైరు అలా కరగదు, కాల్చితే మాడుతుంది. టైరు రబ్బరంతా కలిసి ఒకే అణువు అన్నా పెద్ద తప్పు కాదు. చిన్నప్పుడు పాత సైకిల్ టైరును కర్రతో దొర్లించుకుంటూ పరిగెత్తామే, దానికి అంతకు మించిన రెండో జన్మ కావాలంటే ముడులు విప్పాలి.

ఆక్రన్ విశ్వవిద్యాలయంలో అవ్రామ్ ఇసయేవ్ బృందం 1990ల మొదట్లో ఈ పనికి అల్ట్రాసౌండ్‌ను వాడింది. పొడి చేసిన రబ్బరును ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే మరతో నెట్టుకుంటూ పోయే గొట్టం లాంటి యంత్రంలో వేసి, వేడి చేసి, సన్నటి సందులోంచి తోస్తారు. ఆ సందులో ఒక లోహపు హార్న్ సెకనుకు 20,000 సార్లు కంపిస్తుంది. కదిలేది మాత్రం పది మైక్రాన్ల లోపే, మన వెంట్రుక మందంలో చిన్న వంతు. రబ్బరు అక్కడ ఉండేది కొన్ని సెకన్లే. అయినా రబ్బరు లోపలి సూక్ష్మమైన ఖాళీలు ఆ అలలకు ఉబ్బుతూ కుంచించుకుంటూ చుట్టూ ఉన్న గొలుసులను గుంజుతాయి. ఎక్కడో బంధం తెగుతుంది. అల్ట్రాసౌండ్ ఆన్ చేయగానే డై దగ్గర, అంటే ఆ సందు దగ్గర, ప్రెషర్ పడిపోతుంది, బయటికి వచ్చే సరుకు మెత్తగా ఉంటుంది.

మెత్తబడింది కాబట్టి పనైపోయింది అనేవాళ్లతోనే నా పేచీ. గొలుసులోని కార్బన్-కార్బన్ బంధం తెగడానికి మోలుకు సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. ముడిలోని గంధకం-గంధకం బంధానికి 270 లేదా అంతకన్నా తక్కువే చాలు. తేడా ఉంది, కానీ అల్ట్రాసౌండ్ చూసి చూసి ముడినే తెంపేంత తేడా కాదు. ముడి విడినా మెత్తబడుతుంది, దారం, అంటే గొలుసే తెగినా మెత్తబడుతుంది. చేతికి రెండూ ఒకటే.

తేడా పట్టుకోవడానికి కదలికనే అడగాలి. ఎన్ఎంఆర్ అని, అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల సిగ్నల్‌ను వినే పద్ధతి ఉంది. అందులో హైడ్రోజన్ కేంద్రకాలను ఒకసారి కదిపి, సిగ్నల్ ఎంతసేపట్లో తగ్గిపోతుందో చూస్తారు. దాన్నే టీ2 అంటారు. బిగుసుకున్న చోట సిగ్నల్ త్వరగా చచ్చిపోతుంది, స్వేచ్ఛగా తిరిగే చోట ఎక్కువసేపు నిలుస్తుంది. అల్ట్రాసౌండ్ తిన్న రబ్బరులో ఒకే వేగం కనిపించదు. ఇంకా ముడులతో ఉన్న వల ఒకటి, ఒక కొస ఊడి వేలాడే గొలుసులూ వలనుంచి విడిపోయిన పొడవాటి గొలుసులూ ఇంకొకటి, చాలా చురుగ్గా తిరిగే పొట్టి ముక్కలు మరొకటి. మెత్తదనం అనే ఒక్క మాట కింద మూడు రకాల జనం ఉన్నారన్నమాట.

దీనికి తోడు 1956 నాటి హోరిక్స్ లెక్క ఉంది. టోలుయీన్ అనే ద్రావకంలో కరిగిపోయిన భాగం ఎంత, మిగిలిన వలలో ముడులు ఎంత తగ్గాయి అని రెండూ పోల్చాలి. ముడులు బాగా తగ్గినా కరిగింది కొంచెమే అయితే ముడులే విడినట్టు. ముడులు అంతగా తగ్గకుండానే చాలా కరిగిపోతే గొలుసులు ముక్కలైనట్టు.

ఒక వింత కూడా చెప్పాలి. కార్బన్ బ్లాక్, అంటే బలం కోసం కలిపే నల్లటి మసి పొడి, లేని స్టైరీన్-బ్యూటడైన్ అనే కృత్రిమ రబ్బరును ఇలా విప్పి, మళ్లీ గంధకంతో ఉడికిస్తే, అది మొదటి రబ్బరుకన్నా గట్టిగా లాగుడు తట్టుకుంది. పాత వల తునకలూ కొత్త ముడులూ కలిసి రెండు రకాల అల్లిక ఏర్పడటమే కారణం కావచ్చని ఇసయేవ్ బృందం భావించింది. టైరు ముక్కతో అంత సుఖం ఉండదు. అందులో కార్బన్ బ్లాక్ గొలుసులను తనకు అంటించుకుని కూర్చుంటుంది, దాన్ని కూడా కదిలించాలి.

రేపు ల్యాబులో ఈ బ్యాండ్లనే తూచి టోలుయీన్‌లో వేద్దాం. కిటికీలు తీసి ఉంచండి, గ్లవ్స్ మర్చిపోకండి. మర్నాడు మళ్లీ తూచితే ఎంత ఉబ్బిందో తెలుస్తుంది. ఆరబెట్టి ఇంకోసారి తూచితే ఎంత కరిగిపోయిందో తెలుస్తుంది. మొదటి తూకం రాసుకోకుండా ముంచేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు.