పేరు ఎక్కడ దొరికింది?

అందరికీ నమస్కారం. నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం అబద్ధాలే, అయినా వినడానికి బాగున్నాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులు, ఆబ్జెక్టుల గురించి చెప్పమన్నారు. క్లాసు అంటే అచ్చు, ఆబ్జెక్టు అంటే ఆ అచ్చులోంచి తీసిన బొమ్మ అనుకోండి. నేను మాత్రం ఒక ఖాళీ లిస్టు గురించి చెప్తాను, ఏళ్లు గడిచినా దాని మీద కోపం తగ్గలేదు మరి.

ఉద్యోగంలో కొత్త. యూజర్ అని ఒక క్లాసు రాసి, మెసేజెస్ అనే ఖాళీ లిస్టుని ఇనిట్‌లో (ఒక్కో ఆబ్జెక్టు పుట్టినప్పుడల్లా నడిచే మెథడ్‌లో) కాకుండా నేరుగా క్లాసు కిందే పెట్టాను. నా మెషీన్‌లో ఒక్క యూజర్‌తో టెస్ట్ చేస్తే చక్కగా నడిచింది. సర్వర్ మీదకి ఎక్కించాక ఒకళ్ల మెసేజ్‌లు ఇంకొకళ్లకి కనిపించడం మొదలైంది! మా సీనియర్ చూసి "రీస్టార్ట్ చెయ్" అన్నారు. చేస్తే పోయింది. గంటకి మళ్లీ వచ్చింది. మళ్లీ రీస్టార్ట్.

ఇక్కడ ఎంతమంది ఇలా రాశారు, చేతులెత్తండి. సిగ్గు పడకండి, ముందు నేనే ఎత్తాను.

సెల్ఫ్ అంటే మన చేతిలో ఉన్న ఆ ఒక్క ఆబ్జెక్టే. సెల్ఫ్ డాట్ మెసేజెస్ అనగానే పైథాన్ ఆ ఆబ్జెక్టుకి సొంతంగా ఉన్న డిక్షనరీలో వెతుకుతుంది. (ప్రాపర్టీల్లాంటివి అంతకంటే ముందే అడ్డొస్తాయి, వాటిని కాసేపు వదిలేయండి.) అక్కడ లేకపోతే క్లాసులో, అక్కడా లేకపోతే అది వారసత్వం తీసుకున్న పేరెంట్ క్లాసుల్లో, చివరికి అన్నిటికీ మూలమైన ఆబ్జెక్ట్ క్లాసులో. ఎక్కడా దొరక్కపోతేనే యాట్రిబ్యూట్ ఎర్రర్, అదీ పేరు దొరకనప్పుడు నడిచే గెట్ఆట్ర్ మెథడ్ మనం రాసుకోకపోతే. ఇందులో క్లాసు నుంచి పైకి పోయే వరసనే ఎమ్మారో, అంటే మెథడ్ రిజల్యూషన్ ఆర్డర్, అంటారు. ఇద్దరు పేరెంట్లు ఉన్నప్పుడు తగాదా తీర్చడానికి 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి సీ3 అనే పద్ధతి వాడుతున్నారు: పిల్ల క్లాసు ముందు, పేరెంట్లు మనం రాసిన వరసలో, ఆ వరస కుదరకపోతే క్లాసునే పుట్టనివ్వదు. దీని గురించి ఇంకో గంట చెప్పగలను కానీ నా లిస్టు మధ్యలో ఆగిపోయింది.

అసలు మెలిక ఏంటంటే, వెతకడం పైదాకా పోతుంది, రాయడం మాత్రం పైకి పోదు. సెల్ఫ్ డాట్ మెసేజెస్ ఈక్వల్స్ అంటే ఆ ఆబ్జెక్టులోనే కొత్త పేరు పుడుతుంది, క్లాసులోది కదలదు. కానీ అపెండ్ (లిస్టు చివర ఒకటి చేర్చడం) అన్నామనుకోండి, అది రాయడం కాదు, ముందు వెతకడం! వెతికితే క్లాసులో ఉన్న ఒక్కగానొక్క లిస్టు దొరుకుతుంది, యూజర్లందరూ దాంట్లోనే పోస్తారు. ఇనిట్‌లో సెల్ఫ్ మీద పెట్టి ఉంటే ఎవరి లిస్టు వాళ్లకి ఉండేది. ఒక్క లైను. ఒక్క లైను అండీ!

అందుకే నేర్చుకునేవాళ్లని బతిమాలుతున్నాను, ఎర్రర్ చూసి టెన్షన్ పడేముందు వార్స్ (సొంత డిక్షనరీలో ఏముందో చూపించే ఫంక్షన్) అని ఆబ్జెక్టుని ఒకసారి, దాని క్లాసుని ఒకసారి ప్రింట్ చేసుకోండి. డిర్ అనే ఇంకో ఫంక్షన్ ఉంది, అది చాలదు, అది అన్నీ కలిపేసి చూపిస్తుంది, ఏది ఎక్కడిదో చెప్పదు.

ఆ రాత్రి నేను వార్స్ కూడా చూశాను. నాలుగింటికి అపెండ్ తీసేసి ప్లస్ ఈక్వల్స్ పెట్టాను, వార్స్‌లో మెసేజెస్ కనిపించింది, హమ్మయ్య ఆబ్జెక్టులోకి వచ్చేసిందని ఇంటికెళ్లి పడుకున్నాను. ప్లస్ ఈక్వల్స్ ముందు వెతుకుతుంది, దొరికిన క్లాసు లిస్టునే పెంచుతుంది, ఆ తర్వాత అదే లిస్టుని ఆబ్జెక్టు పేరున కూడా రాస్తుంది. పేరు కొత్తది, లిస్టు పాతదే. ఏడింటికి ఫోన్ వచ్చింది.