గిటారు గరగరలాడితే పికప్‌ను నిందించకండి

నమస్కారం. ఎలక్ట్రిక్ గిటారు ఆగి ఆగి మోగినా, గరగరలాడినా మన కుర్రవాళ్ళు మొదట చేసే పని కొత్త పికప్, అంటే తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, కొనడం. కావలి నుండి ఒక తమ్ముడు మందిరంలో వాయించే గిటారును నా దగ్గరకు తెచ్చేసరికి అందులో పికప్‌ను అప్పటికే రెండుసార్లు మార్చి ఉన్నారు. లోపం మాత్రం కేబుల్ ప్లగ్‌ను దూర్చే జాక్ నట్టు వదులై, ప్లగ్ పెట్టిన ప్రతిసారీ జాక్ లోపల తిరిగిపోయి, దాని తీగ అతుకు సగం ఊడిపోవడంలో ఉంది.

ఆయకట్టు చివరి కయ్యకు నీళ్ళు అందకపోతే మనం సోమశిల జలాశయాన్ని మార్చమని అడగము. కాలువ గట్టు వెంట నడిచి, గండి ఎక్కడ పడిందో, ఏ తూము పూడిందో చూస్తాము. గిటారులో పికప్ సోమశిల, శబ్దం పెంచి తగ్గించే నాబ్ కింద ఉండే వాల్యూమ్ పాట్ నడిమి తూము, జాక్ చివరి తూము, యాంప్లిఫయర్ కయ్య. అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన పికప్‌లో కదిలే భాగమే లేదు కనుక అది తరచుగా చెడదు. తొక్కే కేబుల్, దూర్చి లాగే జాక్, తిప్పే పాట్ అరిగిపోతాయి. అందువల్ల నడక కయ్య వైపు నుండే మొదలుపెట్టాలి.

ముందుగా కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ ప్లగ్‌ను కదిపినప్పుడు శబ్దం తెగుతుంటే జాక్‌లోని స్ప్రింగు రేకును కొద్దిగా లోపలికి వంచి, జాక్ తిరగకుండా పట్టుకొని నట్టు బిగించండి. నాబ్ తిప్పినప్పుడు మాత్రమే గరగర వస్తుంటే అది పాట్‌లో చేరిన దుమ్ము. కృష్ణపట్నం, కొత్తపట్నం వంటి తీర ప్రాంతాల ఉప్పుగాలికి ఇది మరింత త్వరగా వస్తుంది. కాంటాక్ట్ క్లీనర్‌ను పాట్ సందులో కొట్టి, నాబ్‌ను ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. కొబ్బరినూనె పోసినవారిని కూడా నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. బ్యాటరీ లేని మామూలు గిటారులో ఒక్క పికప్‌నే ఎంచుకొని, వాల్యూమ్ పూర్తిగా పెంచి, గిటారుకు పెట్టిన కేబుల్ రెండో కొన వద్ద ప్లగ్ మొనకు, ఒంటికి మధ్య మల్టీమీటరుతో కొలవండి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) అయితే సుమారు 5 నుండి 8 కిలో ఓమ్‌లు కనిపిస్తే సోమశిల నుండి కయ్య దాకా కాలువ బాగున్నట్టే. సున్నా వస్తే ఎక్కడో తీగ గ్రౌండ్‌కు, అంటే విద్యుత్తు తిరిగి వెళ్ళే దారికి, తగిలి గండి పడింది. 250 లేదా 500 కిలో ఓమ్‌లు వస్తే మీరు కొలుస్తున్నది పాట్‌ను మాత్రమే. పికప్ తీగ తెగింది లేదా పాట్ దాకా చేరడం లేదు. ఏమీ చూపకపోతే జాక్ వద్ద అతుకు ఊడింది. వాల్యూమ్ తగ్గించినప్పుడు కూడా పాట్ నీటిని ఆపదు, కొంత నీటిని కలుజు మీదుగా గ్రౌండ్‌లోకి వదిలేస్తుంది. అయితే విద్యుత్తుకు తిరుగు దారి కావాలి, కాలువకు అక్కరలేదు, అక్కడ నా పోలిక కుంటుతుందని ఒప్పుకుంటాను.

గుయ్యిమనే హమ్ సంగతి త్వరగా చెబుతాను, వీడియో నిడివి పెరిగిపోతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక సింగిల్ కాయిల్ ఆ హమ్‌ను పట్టుకోవడం దాని స్వభావం. దానికి విరుగుడుగానే 1955లో సెత్ లవర్ గిబ్సన్ సంస్థలో రెండు తీగచుట్టలతో హమ్‌ను రద్దు చేసే హంబకర్ పికప్‌ను రూపొందించారు. వాయించే తీగలను తాకగానే హమ్ తగ్గితే గ్రౌండ్ తీగ సవ్యంగా ఉంది. తగ్గకపోతే బ్రిడ్జి (వాయించే తీగలు ఆనే భాగం) కింది గ్రౌండ్ తీగ ఊడిందేమో చూసి అతికించండి. తాకినప్పుడు చేతికి జివ్వుమంటే వెంటనే వాయించడం ఆపి, యాంప్లిఫయర్‌నూ మూడు పిన్నుల సాకెట్ ఎర్తింగ్‌నూ ఎలక్ట్రీషియన్‌తో పరీక్షించండి. యాక్టివ్ గిటారు, అంటే బ్యాటరీ ఉన్నది, అయితే వాయించడం ముగిశాక ప్లగ్ తీసేయండి, లేకపోతే లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఊరికే ఖర్చవుతూ ఉంటుంది.